కుర్చీ కూడా అద్దెకే!

“అమ్మా, నాకు విశాఖపట్నంలో కుర్చీ అద్దెకి తీసుకున్నారు” అని మా పెద్దమ్మాయి ఫోనులో చెప్తే నాకు ముందు అర్థం కాలేదు. మనకి తెలిసిన అద్దె కుర్చీలంటే టెంట్ హౌసు కుర్చీలే కదా! ఏమైనా శుభకార్యం పెట్టుకున్నారా అని అడిగేశాను. అది పకపకా నవ్వింది. తర్వాత చెప్పిన సంగతి విన్నాక మాత్రం, ఈ వారం మీతో ఇదే మాట్లాడాలనుకున్నాను. మీ ఇంట్లోనూ ఉద్యోగం చేసే కూతురో కోడలో ఉండే ఉంటుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి సరిగ్గా నాలుగు రోజుల ముందు మా అమ్మాయి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో పలాసలో దిగింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. బట్టల సంచీ వాళ్ళ నాన్నగారి చేతికిచ్చి, లాప్‌టాప్ సంచీ మాత్రం చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తనే పట్టుకుంది. “నాలుగు వారాలే అమ్మా” అంది. ఆ నాలుగు వారాలు ఏడాదిన్నర దాటాయి.

మాది మూడు గదుల ఇల్లు. నడిమి గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. సిగ్నలు అక్కడే బాగా వస్తుందని దానిమీద చెక్క మూత వేసి లాప్‌టాప్ పెట్టేసింది. అంతే, ఆ రోజు నుంచి అది ఆఫీసయిపోయింది. తొమ్మిదయిందంటే మిక్సీ వెయ్యకూడదు. కుక్కరు కూతకి భయపడి పప్పు గిన్నెలో వండేదాన్ని. వీధిలో “చేపలమ్మా చేపలు” అని కేకేస్తే, అమెరికాలో ఉన్న దొరగారికి వినబడిపోతుందని గబగబా కిటికీ మూసేది. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టేవాళ్ళం. రాత్రి పదింటికి మీటింగు, పొద్దున్న ఆరింటికి ఇంకోటి. పిల్ల ఇంట్లో ఉందన్న మాటే గాని, నాతో కూర్చుని అన్నం తిన్న రోజులు లెక్కపెట్టొచ్చు.

మా రావివలస ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండా ఎండలోనే కొలువై ఉంటాడు. కార్తీక సోమవారాల్లో జనం కిటకిటలాడతారు. “ఆ స్వామికి కప్పు లేకపోయినా సాగుతుంది గాని, నీ ఉద్యోగానికి గోడలూ, తలుపూ, గడియా కావాలే” అని దాన్ని ఆటపట్టించేదాన్ని. ఆట సరే, ఆ ఏడాదిన్నరా నా కుట్టుపని మూలపడింది. వీధిలో నలుగురికి జాకెట్లు కుట్టి సంపాదించే నాలుగు రాళ్ళూ పోయాయి. అది అడగలేదు, నేను చెప్పలేదు.

సరే, ఈ అద్దె కుర్చీ కథకి వద్దాం. ఇదేమీ కొత్త వింత కాదట. బెల్జియం దేశంలోని బ్రస్సెల్స్‌లో 1989లోనే రీగస్ అనే కంపెనీ ఇలా సిద్ధంగా ఉన్న ఆఫీసు గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2010లో న్యూయార్కులో వీవర్క్ వచ్చింది. పద్ధతి మన టెంట్ హౌసు లాంటిదే. పెళ్ళికని రెండు వందల కుర్చీలు, గుండిగలు, జనరేటరు కొనుక్కోం కదా, ఆ పూటకి తెచ్చుకుంటాం. అలాగే ఒకాయన పెద్ద భవనం ఏళ్ళ తరబడి లీజుకి తీసుకుంటాడు. బల్లలు, ఏసీ, ఇంటర్నెట్టు, జనరేటరు, కాఫీ మిషను, తుడిచే మనిషి అన్నీ ఏర్పాటు చేస్తాడు. కుర్చీకింత అని నెలవారీ అద్దెకిస్తాడు. కావలసినన్ని తీసుకోవచ్చు, అక్కర్లేకపోతే నోటీసిచ్చి వదిలేయొచ్చు.

కరోనాకి ముందు ఈ కుర్చీల్లో ఎక్కువగా కూర్చునేవారు కొత్తగా కంపెనీ పెట్టిన కుర్రాళ్ళు, సొంతంగా పనిచేసుకునేవాళ్ళూను. పెద్ద కంపెనీల్లో ఎక్కువ భాగం సొంత భవనాలో, ఏళ్ళ తరబడి లీజులో పెట్టుకునేవి. 2020లో అందరూ ఇంటికి పోయేసరికి ఈ అద్దె కుర్చీల వ్యాపారం కుదేలయింది. చూడండి, కుర్చీ తీసుకున్నవాడు నెలకే వదిలేసి పోవచ్చు. భవనం యజమానికి మాత్రం ఏళ్ళ లీజు ప్రకారం అద్దె కట్టాల్సిందే. ముహూర్తాలు లేని మూఢంలో కల్యాణమండపం లీజుకి తీసుకున్నట్టయింది. వీవర్క్ అయితే అంతకుముందు నుంచే నష్టాల్లో ఉంది, 2023 నవంబరులో అమెరికాలో దివాలా పిటిషను కూడా వేసింది.

ఇక ఈ వ్యాపారం పని అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ జరిగింది వేరు. కరోనా తగ్గాక పెద్ద కంపెనీలే ఈ కుర్చీల కోసం రావడం మొదలుపెట్టాయి. ఎందుకంటారా? రేపు ఆఫీసుకి వంద మంది వస్తారో నలభై మంది వస్తారో వాళ్ళకే తెలీదు. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు అన్న పద్ధతొచ్చింది. అలాంటప్పుడు తొమ్మిదేళ్ళ లీజు రాసి, కోట్లు పోసి బల్లలు చేయించడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? చుట్టాలెందరొస్తారో తెలియనప్పుడు మనం బియ్యం ఎసట్లో పోయడానికి వెనకాడమూ? అందుకే అద్దె కుర్చీలకి గిరాకీ పెరిగింది. మన దేశంలో ఈ వ్యాపారం చేసే ఆఫిస్ 2024 మే నెలలో స్టాకు మార్కెట్టుకి వచ్చింది. 2025 అక్టోబరులో వీవర్క్ ఇండియా కూడా వచ్చింది.

పెద్ద కంపెనీల మాటా మారుతూ వచ్చింది. 2025 నాటికి ఒక సమయంలో పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్సే, 2023 అక్టోబరు నుంచి అందరినీ వారానికి అయిదు రోజులూ రమ్మంది. అదే నెలలో ఇన్ఫోసిస్ విశాఖలో తమ కేంద్రం తెరిచింది. అంటే పిలవడమూ జరిగింది, మన దగ్గరకి రావడమూ జరిగింది.

మా అమ్మాయికి 2021 చివర్లో పెళ్ళయింది. అల్లుడుగారి ఉద్యోగం విశాఖపట్నంలో. 2023లో దాని కంపెనీ కూడా ఆఫీసుకి రమ్మని కబురు పెట్టింది. అప్పటికి చంటివాడికి ఎనిమిదో నెల. హైదరాబాదు ఎలా వెళ్తుంది? ఇంట్లో చేద్దామంటే వాడు కీబోర్డు మీదే పాకుతాడు. “మానేస్తానమ్మా” అని ఏడ్చింది. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని, దాన్ని అంత చదివించి ఆ మాట వినేసరికి నాకు గొంతులో ముద్ద దిగలేదు. అప్పుడు ఆ కంపెనీవాళ్ళే, మా అమ్మాయిలాంటి వాళ్ళు విశాఖలో మరికొందరుంటే, అందరికీ కలిపి ఒక అద్దె ఆఫీసులో కుర్చీలు తీసుకున్నారు. వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్తే చాలన్నారు. ఆ మూడు రోజులూ మా వియ్యపురాలు పిల్లాణ్ణి చూసుకుంటారు. ఉద్యోగం నిలబడింది.

కిందటేడు వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళి చూపించింది. పెద్ద హాలు, అద్దాల గదులు, ఫోను మాట్లాడుకోడానికి చిన్న అరలాంటిది వేరే. ఒక బల్ల దగ్గర ఒక కంపెనీవాళ్ళు, పక్క బల్ల దగ్గర ఇంకో కంపెనీవాళ్ళు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని అందరూ ఒక్కచోటే తింటున్నారు. నేను చేసి పట్టుకెళ్ళిన జీడిపప్పు పకోడీలు అయిదు నిమిషాల్లో ఖాళీ! మా అమ్మాయి అన్న మాట చెప్తాను. “ఇక్కడ నేను ఆరింటికి లాప్‌టాప్ మూస్తానమ్మా. ఇంట్లో అయితే ఎప్పుడూ మూసేదాన్నే కాదు.” అద్దె ఎంతని అడిగాను. ఆ ఒక్క కుర్చీకి మా టెక్కలిలో చిన్న ఇల్లొస్తుంది.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. తేలిగ్గా తీసుకున్న కుర్చీని తేలిగ్గానే వదిలేస్తారు. కంపెనీకి ఖర్చు తగ్గించుకోవాలనిపిస్తే ముందు పోయేది ఇలాంటి చోట్లే. పైగా ఇవి ఊళ్ళకి రాలేదు. మా వీధిలో ఒక వదినగారి కోడలికీ బెంగుళూరు నుంచి ఇలాగే పిలుపొచ్చింది. భర్తకి ఇక్కడ కొబ్బరితోట, జీడితోట. ఇద్దరు పిల్లలు. టెక్కలిలోనో పలాసలోనో అలాంటి కుర్చీ ఒకటి ఉంటే బస్సెక్కి వెళ్ళొచ్చేది. లేదు కాబట్టి రాజీనామా ఇచ్చింది. “ఏటి సేస్తాం వదినా, ఆడపిల్లే కదా సర్దుకోవాల” అంది వాళ్ళత్తగారు. ఇప్పుడా లాప్‌టాప్ బీరువాలో చీరల కింద ఉంది.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారు, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామన్నారు. నగరాలు, పట్టణాలతోపాటు మండలాల్లో కూడా ఆఫీసు చోట్లు కట్టేవాళ్ళకి ప్రోత్సాహకాలు ఇస్తున్నామనీ అన్నారు. మండలాల దాకా నిజంగా వస్తే, చీరల కింద లాప్‌టాపులు ఎన్ని బయటకొస్తాయో!

మీ పిల్లలెవరైనా సొంత డబ్బుతో ఇలాంటి కుర్చీ తీసుకుంటుంటే ఇవి అడగమనండి:

– అడ్వాన్సు ఎంత, ఎన్నాళ్ళ ముందు నోటీసివ్వాలి?
– చెప్పిన అద్దె మీద జీఎస్టీ 18 శాతం విడిగానా, కలిపా?
– మీటింగు గదికి, ప్రింటుకి వేరే డబ్బా?
– కరెంటు పోతే జనరేటరు ఏసీకి, ఇంటర్నెట్టుకి రెండింటికీ ఉందా?
– ఆడవాళ్ళ బాత్రూము శుభ్రంగా ఉందా? చీకటిపడ్డాక ఆటో దొరికే చోటేనా?

చివరి రెండూ కాగితం మీద చూసేవి కావు. ఒకసారి సాయంత్రం పూట వెళ్ళి కళ్ళారా చూసుకోవాలి.

అన్నట్టు, నా కుట్టుమిషను మళ్ళీ నా చేతికొచ్చింది. మూత తీసి నూనె వేశాను. పని చేసుకోడానికి ఆడదానికి తనదంటూ ఒక చోటుండాలని ఆ ఏడాదిన్నరలో నాకూ, మా అమ్మాయికీ ఇద్దరికీ తెలిసొచ్చింది. దానికి కుర్చీ దొరికింది, నాకు మిషను దొరికింది. మరి మీ ఇంట్లో ఆ చోటు ఎక్కడుంది? ఒకసారి చూసుకుని నాకు రాయండి.