మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం!" అన్నారు మావారు, పదిమందిలో. ఆ పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, సామెతలంటే నాకు ప్రాణం. కానీ ఈ సామెత మీద ఆ రోజు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలి? ఆ మాట ఆడేవాళ్లు చెప్పకపోతే ఇంకెవరు చెప్పాలి?

అసలు సంగతి మొదలుపెడతాను. మావారు పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం గోల్ఫ్ ఆడతారు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక ఇంట్లో పొద్దు గడవక రెండేళ్ల కిందట నేనూ మొదలుపెట్టాను. పెళ్లిరోజుకి మావారు ఒక షాపులో నాకు "లేడీస్ సెట్" కొనిచ్చారు. గులాబీ రంగు సంచీ, గులాబీ రంగు గ్రిప్పులు. ప్రేమగా ఇచ్చారు, కాదనను. కానీ కొనేముందు నన్నెవరూ నిలబెట్టి కొలవలేదు. షాపువాడు అడిగింది ఒక్కటే ప్రశ్న: "మేడమ్‌కా సార్?"

లేడీస్ సెట్ అంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. మగవాళ్ల క్లబ్బులకన్నా మామూలుగా ఓ అంగుళం పొట్టి, కాడ తేలిక, కాస్త ఎక్కువ వంగుతుంది. సగటు ఎత్తున్న ఆడవాళ్లకి బాగానే సరిపోతుంది. నేను అయిదడుగుల ఎనిమిదంగుళాలు. బళ్లో నన్ను కొబ్బరిచెట్టు అనేవారు. మా అమ్మ నా పెళ్లిసంబంధాలకి ముందుగా అడిగింది అబ్బాయి ఎత్తే. అలాంటిదానికి ఈ క్లబ్బులు ఎలా సరిపోతాయి?

మీరే చెప్పండి, ఆది జాకెట్టు ఇవ్వకుండా ఏ దర్జీకైనా గుడ్డ ఇస్తామా? "ఆడవాళ్ల సైజులో కుట్టెయ్ బాబూ" అని చెప్పి వచ్చేస్తామా? ముప్పావు మీటరు జాకెట్టు ముక్కకి ఉన్న మర్యాద, అన్ని వేలు పోసి కొన్న వస్తువుకి లేకపోవడమేమిటి?

ఫలితం చెబుతాను. ప్రతి దెబ్బకీ నడుం వంగిపోయేది. బంతి ఎప్పుడూ కుడివైపుకే పోయేది. రాత్రికి నడుముకి వేడినీళ్ల కాపడం. ఒకరు తల ఎత్తుతున్నావన్నారు, ఇంకొకరు మోకాళ్లు వంచమన్నారు, "ఆడవాళ్లకి భుజబలం చాలదండీ" అని మరో పెద్దమనిషి తేల్చేశారు. క్లబ్బు పొట్టిదేమోనని నేనన్నప్పుడే ఆ సామెత వచ్చి పడింది.

మర్నాడు కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీశాను. నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి, మణికట్టు మడత దగ్గర్నుంచి నేలదాకా ఎంతుందో కొలవాలి. ఆ కొలతా, మన ఎత్తూ కలిపి చూస్తే క్లబ్బు ఎంత పొడవుండాలో ఒక అంచనా వస్తుంది. రెండో పరీక్ష ఇంకా సులువు. బంతి వెనకవైపు మార్కరుతో ఒక నిలువుగీత గీసి, ఆ గీత క్లబ్బుకి తగిలేలా పెట్టి కొట్టాలి. గీత ముద్ర క్లబ్బు ముఖం మీద నిలువుగా పడితే వాలు సరిపోయినట్టు. నాది పక్కకి ఒరిగి పడింది. పొడుగు మనిషి చేతిలో పొట్టి క్లబ్బు ఉంటే దాని ముక్కు నేలకి గుచ్చుకుంటుంది, బంతి కుడికి పోతుంది. అంటే రెండేళ్లుగా నా తలదీ, మోకాళ్లదీ అనుకున్న తప్పులో సగం క్లబ్బుదే!

"సరే, కొత్త సెట్టు కొందాం" అన్నారు మావారు. ఇదీ నాకు నచ్చని మాటే. ఈ ఇంట్లో మిక్సీ జారు వదులైతే వాషరు మార్పిస్తాం, కుక్కర్‌కి గాస్కెట్ మారుస్తాం. ఆటవస్తువు దగ్గరకొచ్చేసరికి కొనడం తప్ప ఇంకో దారి లేదనుకోవడం ఎందుకు?

క్యాడీలకి క్లబ్బులు బాగుచేసిపెట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కాడల పైచివర లోపల చిన్న ముక్క దూర్చి, ఎపాక్సీ జిగురుతో అతికించి, ఒక్కొక్కటీ అంగుళం పెంచాడు. "ఇంకా పెంచితే తల బరువెక్కినట్టుంటుందమ్మా, చెయ్యి అలిసిపోతుంది" అన్నాడు. ఐరన్ల మెడ కూడా కాస్త నిలువుగా వంచాడు. నావి పోతపోసిన తలలు, మరీ వంచితే మెడ విరిగే ప్రమాదం ఉందని ఒక డిగ్రీతో ఆపేశాడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే పనివాడు. ఆయన నన్ను "మేడమ్‌కా సార్?" అని అడగలేదు. "చెయ్యి చూపించమ్మా" అన్నాడు.

గ్రిప్పులు నేనే మార్చాను, మా వరండాలో. మా విశాఖ ఉప్పుగాలికీ చెమటకీ పాత రబ్బరు గట్టిపడి జారిపోతోంది. జారే గ్రిప్పుని మనం తెలీకుండానే బిగించి పట్టుకుంటాం, భుజాలు బిగుసుకుంటాయి. కొక్కెం బ్లేడుతో పాతది చీల్చి తీశాను. కార్బన్ కాడ మీద మామూలు కత్తి పెడితే కాడే తెగుతుంది, జాగ్రత్త. పాత టేపు గీకేసి, రెండువైపులా అంటుకునే కొత్త టేపు చుట్టి, గ్రిప్పులో ద్రావకం పోసి, ఒక్క ఊపులో ఎక్కించెయ్యాలి. మధ్యలో ఆగితే అక్కడే పట్టేస్తుంది. బొబ్బట్టు పెనం మీద వెయ్యడంలాంటిదే, తడబడితే అంతే. ముందుగా రెండు పాడుచేశాను, మూడోది కుదిరింది. ఈ మొత్తం ఖర్చు కొత్త సెట్టు ధరలో పదోవంతు కూడా కాలేదు.

నేను క్లబ్బు తప్పంటే సామెత చెప్పిన మావారు, తమ బంతి పక్కకి పోయినప్పుడల్లా కొత్త డ్రైవర్ కొన్నారు. అయిదేళ్లలో మూడు. డ్రైవర్ తల 460 ఘనపు సెంటీమీటర్లు దాటకూడదని నియమం ఉంది. దాని ముఖం బంతిని ఎంత ఎగరగొట్టొచ్చో దానికీ హద్దుంది. ఆ గీతల మధ్యే అందరూ తయారుచేస్తున్నప్పుడు, నిరుటి డ్రైవర్‌కీ ఈ ఏటి డ్రైవర్‌కీ రంగులో ఉన్న తేడా బలంలో ఎంతుంటుంది? సంచీలో 14 క్లబ్బులకి మించి ఉండకూడదని కూడా నియమమే. అన్ని తప్పక ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. నేను ఏడింటితో ఆడుతున్నాను. ఆయన కొంటే అభిరుచి, నేను బాగుచేయించమంటే సాకు!

కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు ఉండేవాడు. తన పటర్‌తో బంతి సరిగ్గా దొర్లడం లేదని, 1959లో ఇంటి గ్యారేజీలో కూర్చుని కొత్తది తయారుచేసుకున్నాడు. కొడితే టింగుమన్న ఆ చప్పుడు మీదే 'పింగ్' అనే పేరు వచ్చింది. తర్వాత ఆయన చేసిన ప్రసిద్ధ పటర్ 'ఆన్సర్'కి ఆ పేరు సూచించింది ఆయన భార్య లూయీస్. ఆయన్ని ఎవరూ ఇప్పుడు ఆడలేక మద్దెల ఓడన్నాడని అనరు. మేధావి అంటారు.

అవును, పనిముట్టు మార్చినంత మాత్రాన ఆట రాదు. అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. మిగతావాళ్లంత దూరం కొట్టలేకపోయినా, పటర్ పట్టుకున్న చేతి నేర్పుతో అంతదాకా వచ్చింది. నేర్పుకి బదులు ఏదీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పోటీలో ఆమె సంచీ మోసింది ఎవరో తెలుసా? వాళ్లమ్మ. కూతురి సంచీ మోసే అమ్మని అందరం మెచ్చుకున్నాం. తన సంచీ తను మోసుకునే అమ్మని చూస్తే ఎందుకు నవ్వొస్తుంది?

నా ఆట గొప్పగా మారిపోలేదు. ఇప్పటికీ బంతి పోగొట్టుకుంటాను. కానీ నడుం నొప్పి లేదు. తప్పు పోయిందంటే అది నాదేనని నమ్మకంగా చెప్పగలను. అంత మాత్రం న్యాయం అడగడం ఎక్కువా?

ఈ గొడవంతా గోల్ఫ్ కోసమే అనుకుంటున్నారా? మా వంటింటి గట్టు మా అత్తయ్య ఎత్తుకి కట్టింది. ఆవిడ అయిదడుగులు. ఇరవయ్యేళ్లుగా ఆ గట్టు మీద వంగి కూరలు తరుగుతున్నాను. నడుం నొప్పంటే కాల్షియం మాత్రలు తెచ్చారుగానీ గట్టు కొలవలేదు. నిజం చెప్పాలంటే నాకే తోచలేదు. మనమే సరిపోవాలి, వస్తువు ఎప్పుడూ సరైనదే అని మనకి అంతగా అలవాటైపోయింది.

మొన్న అదే టేపుతో అత్తయ్య చేతికర్ర కొలిచాను. అది మామయ్యగారిది. ఆయన పోయాక ఆవిడ వాడుతున్నారు. కర్ర పిడి మణికట్టు మడత ఎత్తులో ఉండాలి. రెండంగుళాలు ఎక్కువుంది. ఆయన గుర్తని కొయ్యనివ్వరేమో అనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పైన పిడి ముట్టుకోకు, కింద కొయ్యి" అన్నారు. కోసి, కొత్త రబ్బరు బూటు తొడిగాను. వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచొచ్చి, "ఇన్నాళ్లూ నా భుజమే పాడైందనుకున్నానే అమ్మాయ్" అన్నారు.

మావారు అక్కడే ఉన్నారు. ఈసారి సామెత చెప్పలేదు. మేస్త్రీని పిలిచాను, వచ్చేవారం గట్టు పని మొదలు.