ఎల్లమ్మకు ఎవరి ఆమోదం కావాలి?

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటకు మధ్యలో మూడే స్టేషన్లు: ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజాగుట్ట. ఈ కాస్త దూరంలోనే హైదరాబాద్ మత చరిత్ర చాలావరకు కనిపిస్తుంది. ఎక్కే చోటికి దగ్గర్లో నౌబత్ పహాడ్ మీద 1976లో పూర్తయిన బిర్లా మందిర్ ఉంది. కాస్త వెనక్కి వెళ్తే నాంపల్లిలో అన్ని మతాలవాళ్లూ మొక్కుకునే యూసుఫైన్ దర్గా ఉంది. ఖైరతాబాద్‌లో కుతుబ్‌షాహీల నాటి మసీదు, 1954 నుంచి ఏటా వినాయకుణ్ని నిలబెడుతున్న మండపం ఉన్నాయి. అమీర్‌పేట దాటగానే బల్కంపేట ఎల్లమ్మ గుడి వస్తుంది.

మత సామరస్యం మీద ఉపన్యసించేవాళ్లకు ఇష్టమైన జాబితా ఇది. అయితే చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి చాలామంది గొంతు మారిపోతుంది. మందిరం, మసీదు, చర్చి మతం కింద లెక్క. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ మాత్రం ‘జనం నమ్మకం’, ‘పల్లెటూరి ఆచారం’. మాట్లాడే మనిషి ఇంకాస్త చదువుకున్నవాడైతే ‘మూఢనమ్మకం’. టీవీ చర్చయితే ‘క్షుద్ర పూజ’. నగరంలోని పెద్ద మతాలు ఒకదాన్నొకటి ఎలా చూస్తున్నాయన్న దాని మీద రోజూ చర్చ జరుగుతుంది. అవన్నీ కలిసి అమ్మవార్లను, వాళ్లను కొలిచే జనాన్ని ఎలా చూస్తున్నాయన్నది ఎవరూ అడగరు. హైదరాబాద్ సహనాన్ని కొలవాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి ఆరాధనలన్నిటికీ పేగనిజం అని ఒకే ముద్ర వేశారు. చెట్టును, గుట్టను, నీటిని, రుతువును, అనేక దేవతలను కొలిచేవాళ్లంతా ఆ ముద్ర కిందికే వచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఆ పేరునే గౌరవంగా తీసుకుని పాత దేవతల ఆరాధనను మళ్లీ మొదలుపెట్టారు. ఐస్‌లాండ్ ప్రభుత్వం 1973లో అలాంటి సంఘాన్ని మతసంస్థగా గుర్తించింది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 74 వేల మంది తమ మతం పేగన్ అని రాయించుకున్నారు. అయినా అపోహలు పోలేదు. వాటిలో మొదటిది, వీళ్లు సైతానును పూజిస్తారన్నది. సైతాను యూదు, క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాల్లోని పాత్ర. ఆ కథనే నమ్మనివాళ్లు ఆ కథలోని ప్రతినాయకుణ్ని పూజిస్తారనడంలో అర్థం లేదు.

అర్థం లేకపోయినా ఆ అపోహకు జైలు గోడలు కట్టే బలం ఉంది. 1993లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం వెస్ట్ మెంఫిస్ ఊళ్లో ముగ్గురు పిల్లలు హత్యకు గురయ్యారు. ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. వాళ్లలో డేమియన్ ఎకోల్స్ అనే యువకుడు విక్కా అనే ఆధునిక పేగన్ మతం గురించి చదివేవాడు, నల్ల బట్టలు వేసుకునేవాడు. కోర్టులో అవి కూడా అతనికి వ్యతిరేకంగా పనిచేశాయి. 1994లో అతనికి మరణశిక్ష పడింది. తర్వాత చేసిన డీఎన్ఏ పరీక్షల్లో ఆ ముగ్గురికీ నేరంతో సంబంధం కనబడలేదు. తాము నిర్దోషులమని చెబుతూనే, ప్రాసిక్యూషన్‌తో కుదిరిన ఒక ప్రత్యేక ఒప్పందం మీద 2011లో వాళ్లు విడుదలయ్యారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి.

తెలుగు నేల మీద ఇదే అపోహకు ఇంకో రూపం ఉంది. నాలుగు రోడ్ల కూడలిలో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కోడిగుడ్డు కనబడితే చాలు, కెమెరాలు పరుగెత్తుకొస్తాయి. ‘క్షుద్ర పూజల కలకలం’ అని కింద అక్షరాలు పరుగులు తీస్తాయి. ఎవరో తల్లి తన బిడ్డకు దిష్టి తీసి పారబోసి ఉండవచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. అమ్మవారి కొలువులో వాడే సామగ్రి అంతా ఈ రకంగా నేరస్థలంలో దొరికిన ఆధారమైపోతుంది. ఆ భయం ఊళ్లోకి వెళ్లాక ఎవరో ఒకరి గడప దగ్గర ఆగుతుంది. ఒంటరి ముసలివాళ్లు, వితంతువులు, దళితులు, చెట్ల మందులు తెలిసినవాళ్లు అనుమానానికి గురవుతారు. చేతబడి, బాణామతి చేస్తున్నారన్న నెపంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టడం, చంపడం నేటికీ ఆగలేదు. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణాల కింద మంత్రవిద్య ఆరోపణ ఒక వరుసగానే ఉంది. చేతబడి ఉందని నమ్మడం మూఢత్వమే. అమ్మవారిని కొలిచేవాళ్లకూ చేతబడికీ ముడిపెట్టి వార్త రాయడం ఆ మూఢత్వానికి ఎరువు వేయడం.

ఈ చూపు ఎక్కణ్నుంచి వచ్చింది? కొంత బయటి నుంచి వచ్చింది. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ ఎల్మోర్ తెలుగు ప్రాంతపు గ్రామదేవతల మీద 1915లో పుస్తకం వేశారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద రాసిన పుస్తకం 1916లో వచ్చింది. ఇద్దరూ జాతరలను, పూజారులను, కథలను శ్రద్ధగా నమోదు చేశారు. ఆ పని లేకపోతే ఈనాటి పరిశోధకులకు చాలా వివరాలు అందేవి కావు. అయితే ఇద్దరూ తమ మతం కొలబద్దతోనే వాటిని కొలిచారు. అలా కొలిస్తే పోలేరమ్మ తక్కువే తూగుతుంది.

ఇంకొంత చూపు ఇంట్లోనే పుట్టింది. అమ్మవారి దగ్గర పూజారి చాలా ఊళ్లలో కుమ్మరి. కథ చెప్పేది జమిడిక పట్టిన బైండ్లవాళ్లు. మాతంగి మాదిగింటి ఆడబిడ్డ. బోనం ఎత్తుకుని నేరుగా అమ్మ ముందుకు వెళ్లేది ఇంటి ఇల్లాలు. మంత్రం తెలిసిన మగవాడు మధ్యలో ఉండడు. ఇంతమంది కింది కులాలవాళ్లు, ఆడవాళ్లు ముందు నిలబడే ఆరాధనను ‘క్షుద్రం’ అనడం వెనక దేవత స్వభావం కన్నా పూజారి కులమే ఎక్కువ పనిచేసింది. గ్రంథం లేదన్నది మరో ఆక్షేపణ. ఎల్లమ్మ కథను రాత్రంతా పాడే బైండ్ల కళాకారుడికి ఆ కథ తాళపత్రాల మీద అవసరం లేదు. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరకడం, ఆ తలకూ మాతంగి తలకూ ముడిపడిన కథ, కులం మీద అంటు మీద ఆ కథ వేసే ప్రశ్నలు, అన్నీ నోటి మీదే తరాలు దాటి వచ్చాయి.

అమ్మను నమ్మేవాళ్లు వైద్యాన్ని నమ్మరన్నది ఇంకో అపోహ. దీనికి ఈ లక్డీకాపూల్, పంజాగుట్ట దారి కన్నా మంచి జవాబు దొరకదు. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన భవనానికీ బల్కంపేట గుడికీ పెద్ద దూరం లేదు. లక్డీకాపూల్ పక్కన నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. అక్కడ బిడ్డకు సెలైన్ ఎక్కుతుంటే తల్లి మనసులో ఎల్లమ్మకు మొక్కుకుంటుంది. ఆమె డాక్టరునూ వదలదు, అమ్మనూ వదలదు. బోనాల చరిత్రే అంటురోగాల చరిత్ర. సైన్యంలో పనిచేసిన సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా హైదరాబాద్‌లో కలరా వ్యాపించిందని విని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. మందు లేని రోజుల్లో ఊరంతా ఒక్కటై నిలబడటానికి దొరికిన ఆసరా అది. ఈనాడు మందు దొరికిందని ఆ ఆసరాను వెక్కిరించడం న్యాయం కాదు.

వెక్కిరింపు ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటు. ఆదరణ పేరుతో జరిగే మార్పు కూడా అంతే లోతైనది. గుడికి ఆదాయం పెరిగే కొద్దీ, భక్తుల్లో కలిగినవాళ్లు పెరిగే కొద్దీ, కుమ్మరి, బైండ్లవాళ్లు వెనక వరుసకు జరుగుతారు. హోమాలు, అష్టోత్తరాలు ముందుకు వస్తాయి. ఊరి మైసమ్మ దుర్గ అవుతుంది. అమ్మకు గౌరవం పెరిగిందని అందరూ సంతోషిస్తారు. తరతరాలు ఆమెకు సేవ చేసినవాళ్లకు మాత్రం గర్భగుడి దూరమవుతుంది. తిరస్కరించేవాడూ, సంస్కరించి కలుపుకునేవాడూ ఒకే మాట మీద ఉన్నారు: ఆ ఆరాధన ఉన్నదున్నట్టుగా పూర్తి మతం కాదు. బల్కంపేటలో అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో పడుకున్న భంగిమలో ఉంటుంది. ఆ నీళ్లే తీర్థం. ఆషాఢం తొలి మంగళవారం జరిగే కల్యాణానికి జనం పోటెత్తేది ఆ బావి కోసం, ఆ తల్లి కోసం. ఆమెకు ఇంకో పేరు, ఇంకో పురాణం తగిలిస్తే తప్ప గౌరవం రాదనుకోవడం ఆ జనాన్ని చిన్నబుచ్చడమే.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందే ఉంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మతమంటే సిద్ధాంతం ఒక్కటే కాదని, ఆచారాలు, క్రతువులు, పూజా పద్ధతులు కూడా అందులో భాగమని తేల్చింది. 2013 ఏప్రిల్‌లో ఇంకో అడుగు పడింది. ఉత్తరాంధ్రకు పొరుగున, ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న వివాదంలో, ఆ కొండను నియమరాజుగా కొలిచే డోంగ్రియా కోంధుల మత హక్కును గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు ముగిసేలోపు 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. కొండ దేవుడన్న మాటను దేశ అత్యున్నత న్యాయస్థానం మతంగానే విన్నది.

సహనం అంటే విమర్శ మానుకోవడం అని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఎల్లమ్మ, పోచమ్మ పేరు మీదే దళిత ఆడపిల్లల్ని జోగినులుగా మార్చిన దుర్మార్గం తెలంగాణలో సాగింది. జాషువా కుమార్తె, నాస్తికోద్యమ కుటుంబానికి చెందిన హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఆ ఆచారం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పూజాస్థలాల్లో జంతుబలిని నిషేధించే చట్టం 1950 నుంచే ఉంది. ఈ విమర్శలు న్యాయమైనవి, ఇంకా జరగాల్సినవి. అయితే ఏ మతంలోనైనా మనిషిని హింసించే ఆచారాన్ని ప్రశ్నించినట్టే ఇక్కడా ప్రశ్నించాలి. ఒక పెద్ద మతంలో దురాచారం కనబడితే ‘దురాచారం’ అనీ, పోచమ్మ దగ్గర కనబడితే ‘ఆ మతమే అంత’ అనీ తీర్పు చెప్పడం కుదరదు.

ఇక సహనం నేర్చుకోవాల్సి వస్తే, గ్రామదేవతలను కొలిచే జనం దగ్గరే దానికి పాఠాలు ఉన్నాయి. పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడేవాళ్లలో చాలా పల్లెల్లో ఎక్కువమంది హిందువులే. ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పేరు మీద జరిగే ఆ పండుగ గురించి కవి, పరిశోధకుడు అఫ్సర్ ఒక పుస్తకమే రాశారు. పోచమ్మకు బోనం పెట్టిన ఇల్లాలే పీరుకు మలీదా ముద్ద తీసుకెళ్తుంది. ఆమెకు అది సామరస్య కార్యక్రమం కాదు, ఏటా చేసే పని. మేడారంలోనూ అంతే. అక్కడ విగ్రహం లేదు, గర్భగుడి లేదు. కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె తెచ్చి గద్దె మీద పెడితే సమ్మక్క వచ్చినట్టు. లక్షల మంది బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పిస్తారు. ఏ కులం, ఏ మతం అని గద్దె దగ్గర ఎవరూ అడగరు.

1996లో మేడారం, 2014లో బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. మంచిదే. కానీ పండుగకు నిధులు ఇచ్చినంత సులువుగా మతంగా గుర్తింపు రాలేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 79 లక్షల మంది ‘ఇతర మతాలు’ అన్న గడిలో తేలారు. వాళ్లలో 49 లక్షలకు పైగా మంది తమ మతం ఆదివాసుల ప్రకృతి ఆరాధన అయిన సర్నా అని రాయించుకున్నారు. తమకు వేరే గడి కావాలని ఆదివాసులు అడుగుతూనే ఉన్నారు. జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో దాని కోసం తీర్మానం కూడా చేసింది. 2027 జనాభా గణనలో ఆ గడి ఇవ్వడం కేంద్రం చేయగలిగిన పని. గోండు, కోయ కుటుంబాలు తమ దేవుణ్ని తమ పేరుతో రాయించుకుంటే ఏ మతానికీ నష్టం లేదు.

రాష్ట్రం చేయగలిగినవీ ఉన్నాయి. దేవాదాయ శాఖ కిందికి వచ్చిన అమ్మవారి గుళ్లలో కుమ్మరి, బైండ్ల, మాతంగి కుటుంబాల సేవా హక్కులను రాతపూర్వకంగా నమోదు చేయాలి. బైండ్లవాళ్లు పాడే ఎల్లమ్మ కథను, ఆ పాడేవాళ్లు బతికుండగానే విశ్వవిద్యాలయాలు రికార్డు చేయాలి. చేతబడి పేరుతో ఎవరినైనా వేధించినట్టు ఫిర్యాదు వస్తే పోలీసులు పంచాయితీకి వదిలేయకుండా మొదటి రోజే కేసు పెట్టాలి. పత్రికలు, చానళ్లు కూడలిలో నిమ్మకాయలు కనబడ్డ ప్రతిసారీ ‘క్షుద్ర’ అన్న మాట వాడటం ఈ ఆషాఢం నుంచే ఆపాలి. దానికి ఏ చట్టమూ, ఏ బడ్జెటూ అక్కర్లేదు. శీర్షిక పెట్టే డెస్కు నిర్ణయం చాలు.