టీకా వేసిన ఆవేది? క్షయ సోకిన ఆవేది?

పాడి పశువుకు క్షయ సోకిన సంగతి చాలాకాలం పైకి తెలియదు. మేత మేస్తుంది, పాలిస్తుంది, చూడి కడుతుంది. రోగం ముదిరి దగ్గు మొదలై, పశువు చిక్కిపోయేసరికి కొట్టంలోని తోటి పశువులకు, దూడలకు, పచ్చిపాలు తాగిన మనుషులకు సైతం ముప్పు చేరువవుతుంది. ఈ రోగానికి నూరేళ్ల క్రితమే టీకా పుట్టింది. అయినా పశువులకు ఎందుకు వేయడం లేదన్న ప్రశ్నకు జవాబు రోగ నిర్ధారణ పరీక్షలో దాగి ఉంది.

పాత పరీక్షతో చిక్కు

క్షయ క్రిమి ప్రోటీన్ల మిశ్రమమైన ట్యూబర్‌క్యులిన్‌ను పశువు మెడ చర్మంలోకి ఎక్కించి, 72 గంటల తర్వాత వాపును కొలవడం దశాబ్దాలుగా వస్తున్న పద్ధతి. వాపు నిర్ణీత పరిమితి దాటితే రోగం సోకినట్లు లెక్క. బీసీజీ టీకాను ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ పశువుల క్షయ క్రిమి నుంచే తయారు చేశారు. 1921లో తొలిసారి మనుషులకు వేశారు. మూలం ఒకటే కావడంతో టీకా పొందిన ఆరోగ్యవంతమైన ఆవుకు కూడా పరీక్షలో వాపు వస్తుంది. టీకా ఆవు, రోగి ఆవు ఒకే గాటన పడతాయి.

బ్రిటన్ వంటి దేశాల్లో పరీక్షలో పట్టుబడిన పశువును వధించడమే నిబంధన. అక్కడ టీకా వేయించుకున్న రైతు ఆరోగ్యంగా ఉన్న మందనే పోగొట్టుకోవాల్సి వస్తుంది. అందువల్లనే ప్రయోగాలకు మినహా పశువులకు బీసీజీని అక్కడ అనుమతించలేదు.

వేరుచేసే ఉపాయం

క్రిమిని బలహీనపరచేందుకు ఆ శాస్త్రవేత్తలు 13 ఏళ్లపాటు 230 సార్లు పెంచారు. ఆ క్రమంలో దాని జన్యువుల్లో కొంత భాగం జారిపోయింది. ఫలితంగా ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రోటీన్లు టీకా క్రిమిలో లేవు. ఆర్‌వీ3615సీ అనే మూడో ప్రోటీన్‌ను అది బయటికి విడుదల చేయలేదు. అసలు రోగక్రిమి ఈ మూడింటినీ విడుదల చేస్తుంది. కాబట్టి వీటితోనే చర్మ పరీక్ష చేస్తే రోగం సోకిన పశువుకు వాపు వస్తుంది, టీకా మాత్రమే పొందిన పశువుకు రాదు. దీనినే 'డివా' పరీక్ష అంటున్నారు. చెన్నై పరిశోధకులు సైతం భాగస్వాములైన ఒక అంతర్జాతీయ బృందం ఇటువంటి పరీక్ష ఫలితాలను 2019లో ప్రకటించింది.

ఈ సూత్రం మన రైతాంగానికి పూర్తిగా కొత్తది కాదు. గాలికుంటు వ్యాధిలోనూ టీకా వల్ల వచ్చిన ప్రతిరక్షకాలను, రోగం వల్ల వచ్చిన వాటిని రక్త పరీక్షతో వేరు చేస్తున్నారు. మనుషుల క్షయకు ఇదే తరహా చర్మ పరీక్షకు మన దేశంలో 2022లో అనుమతి లభించింది.

మనకెందుకు ముఖ్యం?

2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైగా, గేదెలు సుమారు 11 కోట్లు ఉన్నాయి. ఆవుజాతి పశువుల్లో రెండు కోట్లకు పైగా క్షయ సోకి ఉండవచ్చని 2018లో ప్రచురితమైన ఒక విశ్లేషణ అంచనా వేసింది. పరీక్షించి వధించే మార్గం మనకు సాధ్యపడేది కాదు. అనేక రాష్ట్రాల్లో గోవధపై నిషేధం ఉంది. ఒకటి రెండు పశువులపైనే బతికే కుటుంబం వాటిని కోల్పోతే కోలుకోలేదు. ఇక మిగిలింది టీకాయే. ఇథియోపియాలో జరిపిన అధ్యయనంలో టీకా వల్ల వ్యాప్తి సుమారు 89 శాతం తగ్గిందని 2024లో వెల్లడైంది. బ్రిటన్‌లో టీకా, డివా పరీక్షలను కలిపి 2021 నుంచి క్షేత్రస్థాయి ప్రయోగాలు చేపట్టారు.

ముందున్న ప్రశ్నలు

బీసీజీ అప్పటికే సోకిన రోగాన్ని నయం చేయదు. అందుకే దూడ వయసులోనే వేయడం మేలు. దాని రక్షణ జీవితాంతం ఉండదు, సంపూర్ణమూ కాదు. టీకా వేసిన పశువుకూ రోగం సోకవచ్చు గనుక పరీక్ష అవసరం తీరదు. చర్మ పరీక్షకు సిబ్బంది ఒకే కొట్టానికి రెండుసార్లు వెళ్లాలి. పల్లెల్లో ఇది చిన్న భారం కాదు.

అన్నింటికన్నా పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. పరీక్షలో రోగం ఉన్నట్లు తేలిన ఆవును ఏం చేయాలి? వేరుగా ఉంచేందుకు చోటెక్కడ, మేత ఖర్చు ఎవరిది, ఆగిపోయిన పాల ఆదాయానికి పరిహారం ఎంత? వీటికి ప్రభుత్వాలు ముందే సమాధానం చెప్పకపోతే రైతు పశువును పరీక్షకు తీసుకురాడు. నష్టం తనకే మిగులుతుందని తెలిసినవాడు రోగాన్ని దాచకుండా ఉండడం కష్టం. అప్పుడు ఎంత మంచి పరీక్ష అయినా పశువైద్యశాల అల్మారాకే పరిమితమవుతుంది.

ఆ ఏర్పాట్లు జరిగేలోగా రైతుల చేతిలో ఉన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పాలను బాగా మరిగించే తాగాలి. విడవకుండా దగ్గుతూ చిక్కిపోతున్న పశువును వేరుగా కట్టి పశువైద్యుడికి చూపించాలి. దాని దూడకు మరిగించిన పాలే పట్టాలి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ఆసుపత్రికి వెళ్లి, పశువు సంగతి కూడా వైద్యుడికి చెప్పాలి.