రైట్ బ్యాక్‌ని అడిగారా?

సంక్రాంతి దగ్గర పడిందంటే మా ఇంట్లో వాదన అరిసెల పాకం గురించి ఉంటుంది. ఈసారి రైట్ మిడ్‌ఫీల్డ్ గురించి. మా అత్తగారు కూడా ఆ మాట అంటున్నారు, కాకపోతే ఆవిడ నోట్లో అది "రైటు మిడిపీలు". కనుమ నాడు టెక్కలి వైపు కుర్రాళ్లతో మా మూలపేట కుర్రాళ్లకి మ్యాచి ఉంది. పదకొండు మందిలో పది మంది ఎవరో తేలిపోయింది. కుడివైపు మధ్యలో ఆడే ఒక్క చోటుకే ఇద్దరున్నారు. ఆ ఇద్దరూ మా ఇంటి పిల్లలే కావడంతో వచ్చింది తంటా. ఒకడు మా తోటికోడలి కొడుకు, ఇంకొకడు మా ఆడపడుచు కొడుకు.

ఆటే కదా అని తీసిపారెయ్యడానికి లేదు. ఇద్దరూ ఇంటర్ రెండో ఏడు. ఈ మ్యాచి చూశాకే జిల్లా సెలక్షన్లకి ఎవరి పేరు పంపాలో డ్రిల్లు మాస్టారు నిర్ణయిస్తారట. అక్కడ ఒక సర్టిఫికెట్టు చేతికొస్తే రేపు డిగ్రీ సీటు దగ్గర పనికొస్తుందని ఇద్దరు తల్లుల ఆశ. అందుకే వంటింట్లో మాటలు తగ్గి గిన్నెల చప్పుడు ఎక్కువైంది.

ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మైదానానికి కుడి అంచున మన వాళ్లు ఇద్దరుంటారు. ముందుండేవాడు బంతి తీసుకుని అంచు వెంబడి దూసుకెళ్లి గోలు ముందుకి క్రాస్ కొడతాడు. వాడు వింగర్. కాస్త మధ్యకి జరిగి ఆడితే రైట్ మిడ్‌ఫీల్డర్ అంటారు. వాడి వెనకాల కాపలా ఉండేవాడు రైట్ బ్యాక్. బంతి మన దగ్గరున్నంతసేపూ అందరి కళ్లూ ముందున్నవాడి మీదే. బంతి పోయిందనుకోండి, అవతలి జట్టువాళ్లు అదే అంచు వెంబడి మన మీదికొస్తారు. ముందున్నవాడు వెనక్కి పరిగెత్తుకొస్తే ఇద్దరికి ఇద్దరు. రాకపోతే రైట్ బ్యాక్ ఒక్కడే ఇద్దరికి సమాధానం చెప్పుకోవాలి. గోలు పడితే తిట్లు కూడా వాడికే.

మా అబ్బాయి రైట్ బ్యాక్. కాబట్టి నా మాటలో స్వార్థం లేదని నేననను. ఉంది. ఉంది కాబట్టే ఆ పక్కనుంచి చూస్తే ఆట ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు.

మా మేనల్లుడిది మెరుపు ఆట. నౌపడ ఉప్పు మళ్ల గట్ల మీద పరిగెత్తి పెరిగినవాడు, ఒంటి కాలి మీద తిరిగి ఇద్దర్ని తప్పించుకుపోతాడు. వాడి కాలికి బంతి తగలగానే ఈలలు మొదలవుతాయి. బంతి పోయాక మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడిపోతాడు. తోటికోడలి కొడుకు అంత వేగం కాదు. ఒకణ్ణి తప్పించుకుని రెండోవాడు ఎదురవగానే బంతి పక్కవాడికిచ్చేస్తాడు. కానీ వెనక్కొస్తాడు. ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని నేనే లెక్కపెట్టాను, మొన్న ప్రాక్టీసులో చెరో సగం ఆడించినప్పుడు. మేనల్లుడి వైపు బంతి పదకొండుసార్లు పోతే వాడు వెనక్కొచ్చింది మూడుసార్లు. రెండోవాడు తొమ్మిదిసార్లు పోతే ఎనిమిదిసార్లు వచ్చాడు. ఆ ఎనిమిదిటికీ ఒక్క ఈల కూడా పడలేదు.

మా ఆయన, బావగారు, టీ బడ్డీ దగ్గర కూర్చునే పెద్దమనుషులు అందరూ మేనల్లుడి వైపే. బావగారైతే సొంత కొడుకుని కాదని మరీ మేనల్లుడంటున్నారు. న్యాయంగా మాట్లాడుతున్నానని ఆయన గర్వం. తోటికోడలు ఏమీ అనలేదు, వినపడేలా గంజి వార్చింది. ఆడపడుచు వాదన మాత్రం నాకు నచ్చింది. "ఎల్లినోడు ఎల్లినట్టే ఉండాల వదినా. ఒడ్డు కాసి సూస్తా కూకుంటే వల నిండుతాదేటి?" అంది. వాళ్లాయన గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీద పనికెళ్లే మనిషి. వానాకాలం చివర్లో వెళ్తే మళ్లీ ఎండల్లోనే రావడం. మాటలో అనుభవం ఉంది, కొట్టిపారెయ్యలేం.

కానీ ఇన్ని నోళ్లు మాట్లాడాయి, రైట్ బ్యాక్‌ని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నా పేచీ అంతా ఇదే.

ఈ గొడవ మా ఊళ్లో పుట్టింది కాదు. 1958లో స్వీడన్‌లో ప్రపంచ కప్. బ్రెజిల్‌కి కుడి వింగులో ఇద్దరు ఆటగాళ్లు, జోయెల్, గరించా. మొదటి రెండు మ్యాచ్‌లూ జోయెల్‌తో ఆడారు. ఆస్ట్రియా మీద గెలిచారు, ఇంగ్లండ్‌తో గోలు లేకుండా సరిసమానం అయింది. మూడో మ్యాచి సోవియట్ యూనియన్‌తో. దానికి గరించాని దించారు. పుట్టుకతోనే కాళ్లు వంకర, కానీ ఎటు తిరుగుతాడో ఎదుటివాడికి అంతుపట్టేది కాదు. బ్రెజిల్ 2-0తో గెలిచింది. ఫైనల్లో 5-2తో స్వీడన్‌నే ఓడించింది. మొదట గోలు తిన్నది బ్రెజిలే. తర్వాత వావా కొట్టిన రెండు గోళ్లకీ బంతి అందించింది కుడివైపు నుంచి గరించాయే. ఇది చెప్పగానే మా బావగారు "చూశావా" అన్నారు. చూశాను. ఆయన చూడనిది ఎడమవైపు. అక్కడ జగాలో అని ఒకాయన ఆడేవాడు. ఆయనా వింగరే. బంతి పోగానే మధ్యలోకి పరిగెత్తుకొచ్చి మూడోవాడిగా కాపలా కాసేవాడు. ఆయన ముద్దుపేరుకి అర్థం చిన్న చీమ. కుడివైపు గరించా ఆడుకున్నాడంటే ఎడమవైపు చీమ పని చేసింది. గరించాని ఎంచుకున్నవాళ్లు ముందే ఆ ఏర్పాటు చూసుకున్నారు. మన జట్టులో ఎడమవైపు ఆడేవాడు కూడా ఈలల కోసం ఆడేవాడే. మరి చీమ ఎవరు?

ఇంకో మాట, ఆటతో సంబంధం లేదు కానీ అనకుండా ఉండలేను. మైదానంలో గరించా వెనకాల సర్దడానికి మనుషులున్నారు. ఇంట్లో నయీర్ అనే భార్య ఉంది, వరసగా ఆడపిల్లలు. వాళ్లని వదిలేసి గాయని ఎల్జా సోరెస్ దగ్గరికి వెళ్లిపోయాడు. తాగుడు పాలై 1983లో 49 ఏళ్లకే పోయాడు. ఆ ఆడపిల్లల్ని నయీర్ ఎలా నెట్టుకొచ్చిందో ఏ ఆట పుస్తకంలోనూ అధ్యాయంగా రాయరు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1966లో, ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే వేరే దారి పట్టాడు. మొదటి మూడు మ్యాచుల్లో ముగ్గురు వింగర్లని మార్చి మార్చి చూశాడు. కానెలీకి ఒకటి, పెయిన్‌కి ఒకటి, కలహన్‌కి ఒకటి. తర్వాత అసలు వింగరే లేకుండా ఆడించాడు. కుడివైపు అలన్ బాల్‌ని పెట్టాడు. 21 ఏళ్ల కుర్రాడు, జట్టులో అందరికన్నా చిన్నవాడు, అలుపన్నది ఎరగడు. ముందుకీ వాడే, వెనక్కీ వాడే. ఫైనల్ అదనపు సమయానికి వెళ్లినప్పుడు మిగతావాళ్లకి కాళ్లు ఈడ్చుకుపోతుంటే ఈ కుర్రాడు ఇంకా కుడి అంచున పరిగెడుతూనే ఉన్నాడు. ఇంగ్లండ్‌కి మూడో గోలు వాడి క్రాస్ మీదే వచ్చింది. వెనక్కొచ్చేవాడికి ముందుకెళ్లడం చేతకాదన్న మాట నాకు ఎప్పుడూ నమ్మకం కలగనిది అందుకే.

మనవాళ్ల దగ్గరికొస్తాను. 2024లో వచ్చిన మైదాన్ సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది సయ్యద్ అబ్దుల్ రహీం పాత్ర. మన హైదరాబాద్ మనిషి, బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, భారత జట్టునీ తీర్చిదిద్దిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతి కిందే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కుడి వింగులో పి.కె. బెనర్జీ, ఎడమ వింగులో మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. బలరాం లోపలివైపూ ఆడగలడు, అంచునా ఆడగలడు. లోపల చునీ గోస్వామి ఉన్నాడు కాబట్టి ఈయన అంచుకి వెళ్లాడు. డిఫెన్స్ ఆడే జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే రహీం అతన్ని గోలు కొట్టే చోటుకి మార్చాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోలు పి.కె.ది, రెండోది ఆ కుట్ల తలవాడిది. ఎవరు గొప్ప అని అడిగితే ఆ జట్టు తయారయ్యేది కాదు. ఎవరి పక్కన ఎవరుంటే కుదురుతుందని అడిగాడు కాబట్టి తయారయింది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కేన్సర్‌తో పోయాడు. పి.కె., చునీ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకి అర్జున అవార్డుతోనే ఆగిపోయింది. 2023లో ఆయన పోయిన వార్త మా ఇంటికొచ్చే పేపర్లో లోపలి పేజీలో చూశాను.

మా అమ్మాయి పక్కనుంచి "అమ్మా, అందరూ మగాళ్లేనా" అంది. కాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఉంది. అంచున ఆడే పిల్లే. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. మా అమ్మాయికి ఆ పేరు కాగితం మీద రాసిచ్చాను, గోడకి అంటించుకుంది.

మళ్లీ మా ఆడపడుచు మాట దగ్గరికే వస్తాను. ఒడ్డు చూస్తూ కూర్చుంటే వల నిండదు, నిజమే. మా తీరంలో సగం ఇళ్ల మగవాళ్లు అలా వెళ్లినవాళ్లే. 2018లో వేరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం వాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ ఏడాది పైచిలుకు ఆ ఇళ్లలో అప్పులవాళ్లకి, బడి ఫీజులకి, అత్తమామల మందులకి ఎదురు నిలబడిందెవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకి కొట్టినప్పుడు మా ఆడపడుచు మగడు వేరావల్‌లోనే ఉన్నాడు. ఇంటి రేకులు ఏరుకొచ్చింది ఈవిడే. వాడు వెళ్లడం తప్పంటానా? వెళ్లకపోతే గడవదు. కానీ వెళ్లేముందు బియ్యం బస్తాలు వేయించి, షావుకారుతో మాట్లాడి, మా అత్తగారికి చెప్పి వెళ్తాడు. వెనకాల ఎవరున్నారో చూసుకుని వెళ్తాడు. మేనల్లుడు నేర్చుకోవలసింది వాళ్ల నాన్న దగ్గరే ఉంది. ఇది ఆడపడుచుతో అన్నాను కూడా. కాసేపు ఊరుకుని, "ఆ ముక్క ఆడికి నువ్వే సెప్పు వదినా, నే సెప్తే ఇనడు" అంది.

ఇంతకీ ఎవర్ని పెట్టాలంటారా? మొదటి సగం తోటికోడలి కొడుకుని. టెక్కలి జట్టులో ఎడమ అంచున ఆడేవాడు మంచి వేగం ఉన్నవాడని విన్నాం. మ్యాచి మొదట్లో అందరి కాళ్లూ తాజాగా ఉంటాయి, అప్పుడు మా వాడి ముందు వెనక్కొచ్చే మనిషి కావాలి. రెండో సగంలో అవతలివాడు అలిసిపోయాక మేనల్లుణ్ణి దించాలి. అప్పుడు వాడి మెరుపుకి అడ్డుండదు. 1966 ప్రపంచ కప్‌లో రామ్సేకి మ్యాచి మధ్యలో మనిషిని మార్చే వీలు లేదు, ఇప్పుడుంది. జిల్లా సెలక్షన్లకి ఇద్దరి పేర్లూ పంపమని అడుగుదాం, మాస్టారు కాదంటే అప్పుడు ఆలోచిద్దాం. ఒక్క మ్యాచి చూసి ఒకణ్ణి తీసేయడం నాకు అసలు ఇష్టం లేదు. ఊరే పోర్టు కోసం కదలబోతోంది. మూలపేట, విష్ణుచక్రం వాళ్లకి కొత్త కాలనీ అన్నారు. అక్కడ ఈ గుంటలకి ఇంత మైదానం ఉంటుందో లేదో.

నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు మా వాణ్ణి అడిగాను, నీ ముందు ఎవరుంటే బాగుంటుందిరా అని. ఇన్ని రోజుల్లో వాణ్ణి అడిగింది నేనే మొదట. కాసేపు పప్పు కలుపుకుంటూ ఊరుకున్నాడు. "ఎవులైనా పరవాలేదమ్మా. రాకపోతే రానని ముందే కేకెయ్యమను. వస్తాడనుకుని నేను లోపలికెల్తే, అప్పుడే గోలు పడతంది" అన్నాడు. ఆ కేక సంగతి రేపు డ్రిల్లు మాస్టారి చెవిన వెయ్యమని మా ఆయనకి చెప్పాను. ఆయన వెళ్లకపోతే అరిసెలు ఇచ్చే వంకతో నేనే వెళ్తాను.