ఆగ్రహం వెనుక ఉన్న గాయం

పరాయివాడు అన్న మాట చెవి దాటి లోపలికి పోదు. మనవాడు అన్న మాట గుండెలో దిగబడుతుంది. అందుకే మన తీవ్రమైన కోపం చాలావరకు దగ్గరివారిమీదనే. ఇది కుటుంబాలకే కాదు, మహాసంస్థలకూ వర్తిస్తుందని 1907 డిసెంబరులో తపతీతీరాన సూరత్ నగరంలో జరిగిన కాంగ్రెసు మహాసభ నిరూపించింది.

నాగపురంలో జరగవలసిన ఆ సభను సూరత్‌కు మార్చారు. తమను దూరంగా నెట్టడానికే ఈ మార్పు అని తిలక్ పక్షంవారు భావించారు. 1906లో కలకత్తాలో ఆమోదించిన స్వరాజ్య, స్వదేశీ తీర్మానాలు నీరుగారిపోతాయని వారి శంక. 1885 నుండి పెంచుకొన్న సంస్థ కళ్ళెదుటే కూలిపోతుందేమోనని మితవాదుల భయం. పైకి కనిపించినది ఆగ్రహం. లోపల ఉన్నది అవమానభారం, భయం.

డిసెంబరు 27న, అనుమతి నిరాకరించినా, తిలక్ మాట్లాడడానికి వేదికపై నిలిచారు. ఎవరో విసరిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీని, ఫిరోజ్‌షా మెహతాను తాకింది. కుర్చీలు, కర్రలు లేచాయి. క్షణాలలో విరిగినది 1916 లక్నో సభ వరకు అతుకలేదు.

ఆ రభసలోనే మరొక దృశ్యాన్ని ఆంగ్ల పాత్రికేయుడు హెన్రీ నెవిన్సన్ చూశాడు. తిలక్ మీదికి వస్తున్నవారికి అడ్డంగా, ఆయన ప్రత్యర్థి గోఖలే రెండు చేతులు చాచి నిలిచారు. 1915 ఫిబ్రవరిలో గోఖలే మరణించినపుడు తిలక్ శ్మశానవాటికకు వచ్చి, ఆయనను భారతదేశపు వజ్రమని కొనియాడారు. వారి అభిప్రాయభేదాలు చివరివరకు సమసిపోలేదు. అయినా, ఎదుటివాని విలువను చూడగల చూపును ఆ భేదాలు కప్పివేయలేదు.

మనవంటి సామాన్యులకు ఇది సాధ్యమా? కోపాన్ని వెళ్ళగ్రక్కితే చల్లారుతుందని కొందరంటారు. 2002లో బ్రాడ్ బుష్మన్ ప్రచురించిన అమెరికా పరిశోధన ఇందుకు విరుద్ధంగా తేల్చింది. నొప్పించినవారిని తలచుకొంటూ ఇసుకసంచిని గుద్దినవారికి, ఊరక కూర్చున్నవారికంటె కోపం ఎక్కువగా మిగిలింది. 1986లో జేమ్స్ పెన్నిబేకర్ మరొక మార్గాన్ని పరీక్షించాడు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ గాయాన్ని గురించి దాపరికం లేకుండా వ్రాసినవారికి అప్పటికి దుఃఖం పెరిగింది. తరువాతి నెలలలో వైద్యుని వద్దకు వెళ్ళవలసిన అవసరం తగ్గింది.

మీరూ ఒక కాగితం తీసుకోండి. జరిగినదేమిటి? మీరు ఆశించినదేమిటి? నిజంగా గాయపడినది మీలోని ఏది, అభిమానమా, నమ్మకమా, ప్రేమా? ఈ మూడింటికీ సమాధానం వ్రాయండి. దానిని ఎవరికీ చూపనక్కరలేదు.

క్షమించడమంటే మరల గాయపడడానికి సిద్ధపడడం కాదు. హాని చేసేవారికి దూరంగా ఉండడం మీ హక్కు. కాని దూరంగా ఉన్నా మనసులో వారితో పోరాటం సాగుతూనే ఉంటే, ఆ దూరంవల్ల ప్రయోజనమేమి? గాయానికి పేరు పెట్టగలిగిన నాడు ఆగ్రహం మీ యజమానిగా ఉండదు. అప్పుడు మాట్లాడాలో, మౌనంగా తొలగిపోవాలో నిర్ణయించేది మీరే.