చుక్కలు పెట్టే చేతికి డ్రిల్లు బరువా?

సంక్రాంతి నెలలో మిర్యాలగూడలో ఏ వీధికి వెళ్ళినా ఒక లెక్క కనిపిస్తుంది. 21 చుక్కలు, సందు చుక్క, 11 వచ్చేవరకు. చేతిలో స్కేలు ఉండదు, టేపు ఉండదు. అయినా మొదటి చుక్కకూ రెండో చుక్కకూ ఎంత ఎడమో, ఇరవయ్యో చుక్కకూ ఇరవై ఒకటో చుక్కకూ అంతే ఎడం. ఒక్క చుక్క జరిగితే ముగ్గు మొత్తం పాడవుతుందని పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు.

అదే పిల్లను ఒక టేకు పట్టీ మీద సమదూరంలో పన్నెండు రంధ్రాలు వేయమనండి. ఇంట్లో అందరూ ఒక్కసారే అందుకుంటారు: “అది మగవాళ్ళ పని, నీకెందుకే?”

ఎందుకో చూద్దాం. మన ఊళ్ళో ఏ ఫర్నిచర్ షాపు వెనక్కి తొంగి చూసినా బల్లకు బిగించిన డ్రిల్లింగ్ మిషను ఒకటి ఉంటుంది. బరమాకు తాడు చుట్టి అటూ ఇటూ లాగుతూ చెమటోడ్చిన రోజులు పోయాయి. ఇప్పుడు తిప్పే పని మోటారుది. మనిషి చేయాల్సింది పిడి పట్టుకుని కిందికి దించడమే. రుబ్బురోలు పొత్రం తిప్పిన చేతికి, బావి నుంచి నీళ్ళు తోడిన చేతికి ఆ పిడి బరువా? బలం చాలదన్న మాట మిషను రాక ముందు చెబితే కొంతైనా అర్థం ఉండేది.

ఇక కావాల్సింది కొలత. అందులో మనం ఎవరికీ తీసిపోము. అయితే చిన్న కిటుకులు తెలియాలి. ఊచల ఉయ్యాల సంగతే తీసుకోండి. లోపలి పొడవు 89 సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల మందం ఊచలు పన్నెండు పెట్టాలి. చాలామంది 89ని పన్నెండుతో భాగిస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఊచలు పన్నెండైతే సందులు పదమూడు. ఊచలకు 24 పోతే మిగిలింది 65. దాన్ని పదమూడుతో భాగిస్తే సందు సరిగ్గా 5 సెంటీమీటర్లు. అంటే మొదటి రంధ్రం నడిబిందువు 6 దగ్గర, తర్వాత 13, 20, 27... అలా ఏడేసి చొప్పున చివరిది 83 దగ్గర. అక్కడి నుంచి అంచుకు మళ్ళీ 6 మిగులుతుంది. రెండు కొసలూ సమానంగా వస్తే లెక్క సరిపోయినట్టే.

రెండో కిటుకు ఇంకా ముఖ్యం. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు, అక్కడి నుంచి మరోదానికి కొలుచుకుంటూ పోకూడదు. ఒక్కో అడుగులో ఒక మిల్లీమీటరు తగ్గినా పదకొండు అడుగులకు సెంటీమీటరు దాటుతుంది. చివరి సందు 5కు బదులు 6.1 అవుతుంది. అందుకే టేపు ఒక కొసన పెట్టి, కదపకుండా అన్ని గుర్తులూ ఒకేసారి పెట్టాలి. పై పట్టీ, కింది పట్టీ పక్కపక్కన బిగించి రెండింటికీ కలిపి గీత గీస్తే ఊచలు నిటారుగా నిలబడతాయి. గుర్తు మీద మేకుమొనతో చిన్న గుంట చేస్తే బిట్టు పక్కకు జారదు.

“అంగుళంలో పావు వంతు అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా?” అనేవాళ్ళున్నారు. ఉయ్యాల దగ్గర నిజంగానే మునుగుతుందమ్మా. సందు ఎక్కువైతే పసిబిడ్డ ఒళ్ళు అందులోంచి జారి, తల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 1973లో తెచ్చిన నిబంధన ఊచల మధ్య సందు సుమారు 6 సెంటీమీటర్లు మించకూడదంది. మన చివరి సందు ఆ గీత దాటేసింది చూశారా! బిడ్డను పడుకోబెట్టేది మనం. కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా, టేపు పెట్టి ప్రతి సందూ కొలిచి చూడాల్సిందీ మనమే.

భయం సంగతి కూడా మాట్లాడుకోవాలి. తిరిగే మిషను ఆడా మగా తేడా చూడదు. కొంగు, చున్నీ, వదిలేసిన జడ, వేలాడే గొలుసు, గాజులు ఏవైనా చుట్టుకుంటాయి. చేతి తొడుగులూ చుట్టుకుంటాయి కాబట్టి అవీ వద్దు. చెక్కను చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించాలి. కింద ఒక పనికిరాని చెక్క పెడితే అడుగున పెచ్చులు లేవవు. కళ్ళకు అద్దాలు ఉండాలి. గాజులు తీయడం అశుభమనే అత్తగార్లకు ఒక్కటే మనవి: పని అయ్యాక వేసుకోవడానికి చెయ్యి క్షేమంగా ఉండాలి కదా!

ఇదంతా ఉయ్యాల కోసమే చెప్పడం లేదు. మన పాత నల్గొండ జిల్లాలోనే ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం ఉన్నారు. చేనేత ఇళ్ళలో ఆసు పోయడం ఆడవాళ్ళ పని. అర్ధచంద్రాకారంలో వరుసగా నిలిపిన మేకుల చుట్టూ, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా కూడా తీశారు. అలాంటి కొడుకును చూసి ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కానీ నాకు ఇంకో ఆలోచన కూడా వస్తుంది. ఆ నొప్పి తరతరాలుగా పడింది ఆడవాళ్ళు. మేకుకూ మేకుకూ మధ్య దారం ఎలా నడవాలో వేళ్ళతో తెలిసిందీ వాళ్ళకే. వాళ్ళ చేతికి ఒక డ్రిల్లు, ఒక రంపం, నేర్పే మనిషి దొరికి ఉంటే అంతకాలం ఆగాల్సి వచ్చేదా? పని మనదీ, పనిముట్టు వేరొకరిదీ అయినంత కాలం మన నొప్పి ఇంకొకరి కంట పడేదాకా ఎదురు చూడాల్సిందే.

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. అక్కడా ఊడ్చేది, ఎండబోసేది ఎక్కువగా ఆడకూలీలే. మిషను దగ్గర నిలబడేది మగవాళ్ళు. మిషను దగ్గరి మనిషికి కూలీ ఎక్కువ. తేడా బలంలో లేదు, ఎవరికి నేర్పారన్నదాంట్లో ఉంది.

ప్రభుత్వం 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి అప్పు. బాగుంది. కానీ నిబంధన ప్రకారం భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం, ఆ కుటుంబంలో ఒక్కరికే లబ్ధి. ఆ ఒక్కరు ఎవరవుతారో వేరే చెప్పాలా? ఉప్పుకాగితం రుద్దేది, పాలిష్ పెట్టేది, చెక్క పట్టుకునేది ఆవిడ. కాగితాల మీద పేరు ఆయనది. ఇద్దరూ పనిచేసే ఇంట్లో ఇద్దరికీ శిక్షణ ఇవ్వడానికి అడ్డేమిటి? అప్పు ఒక్కరికే ఇవ్వండి, విద్య ఇద్దరికీ ఇవ్వండి. ఈ మాట మహిళా సంఘాలు గట్టిగా అడగాలి. ఐటీఐ దరఖాస్తు నింపేటప్పుడు ఆడపిల్లకు కుట్టుపని ఒక్కటే చూపించకుండా, కార్పెంటరు ట్రేడు గడి కూడా చూపించాలి.

ఇంట్లో మొదలుపెట్టడానికి ప్రభుత్వం అక్కర్లేదు. గరిటెల స్టాండుకో, చిలక్కొయ్యల పట్టీకో చెక్క తెప్పించండి. గుర్తులు కూతురితో పెట్టించండి. షాపుకు కూతురినే తీసుకెళ్ళి, “అన్నా, మా పిల్లకు చూపించు, నువ్వు పక్కనే ఉండి దాంతోనే వేయించు” అనండి. ఆయన నవ్వితే నవ్వనీయండి. రంధ్రాలన్నీ ఒక్క వరుసలో వచ్చాక ఆ నవ్వు ఏమవుతుందో మీరే చూద్దురుగాని. ఏమంటారు?