ఓడినవారి కొక పీఠము

నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవైయున్న మన కోఠి రెసిడెన్సీ మీదికి 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను తమ యనుచరులతో దండెత్తిరి. ఒకరు ప్రాణములు గోల్పోయిరి. మరియొకరు అండమాను పాలైరి. ఈ పాలకులు మాకు వలదని చెప్పుటకు నాటి ప్రజలకు వేరు మార్గము లేకుండెను. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము సైతము సైన్యముల రాకచేతనే లొంగినది. 1952 మార్చి 6వ తేదీన బూర్గుల రామకృష్ణరావుగారు ఎన్నికలలో గెలిచి ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిననాడు గదా, కత్తి చేయవలసిన పనిని కాగితపు చీటి చేయగలదని యీ నగరము కన్నులార జూచినది!

ఈ చరిత్ర నెరిగిన కోఠివాసులకు 2023 డిసెంబరు 7వ తేదీ యుత్సవము వట్టి వేడుకగా గన్పట్టదు. కోఠికి సమీపముననే యున్న లాల్ బహదూర్ స్టేడియములో గవర్నరు తమిళిసై సౌందరరాజన్ గారు రేవంత్ రెడ్డిగారిచేతను, పదునొకండుగురు మంత్రులచేతను ప్రమాణము చేయించిరి. 1983 జనవరి 9వ తేదీన ఎన్.టి. రామారావుగారు ప్రమాణము చేసినదియు నీ స్థలముననే. దీని పాతపేరు ఫతే మైదానము; అనగా విజయమైదానము. గోలకొండ ముట్టడివేళ ఔరంగజేబు సేనలు ఇచ్చట విడిసెననియు, 1687 నాటి యా జయమునుబట్టియే యీ పేరు వచ్చెననియు ప్రతీతి. చక్రవర్తి డేరాలు వెలసిన చోట జనసామాన్యము కూర్చుండి తన తీర్పు అమలగుట చూచినది. ఆ దినముననే ప్రగతిభవనము ముందరి యినుపకంచెను తొలగించిరి. మాకును సంతోషమే.

అయితే ఆ యుత్సవమున సగపాలు అంతకు నాలుగుదినముల ముందే, వాద్యములు లేకయే, జరిగిపోయినది. డిసెంబరు 3వ తేదీన ఫలితములు తేలగా, తొమ్మిదిన్నర సంవత్సరములు పాలించిన కె. చంద్రశేఖరరావుగారు నాడే రాజీనామా లేఖ పంపి, ప్రభుత్వ వాహనశ్రేణి లేక ఎర్రవల్లికి వెడలిపోయిరి. జాగుచేయలేదు, పేచీ పెట్టలేదు. ఇది తక్కువ సంగతి కాదు. 2021 జనవరిలో అమెరికా రాజధానిలో ఓడినవారి పక్షమువారు శాసనసభా భవనము మీద బడిన వైనము లోకమెల్ల జూచెను గదా.

కాని వారు ప్రమాణసభకు రాలేదు. ఇది యొక్కరి లోపము కాదు. 2019 మే 30వ తేదీన విజయవాడలో చంద్రబాబునాయుడుగారు లేరు. 2024 జూన్ 12వ తేదీన కేసరపల్లిలో జగన్మోహన్ రెడ్డిగారు లేరు. తెలుగువారి కిది యాచారమే యైనట్లున్నది! ఢిల్లీలో 2014 మే 26వ తేదీన నరేంద్రమోదీగారు ప్రమాణము చేయుచుండగా మన్మోహన్ సింగుగారు వచ్చి కూర్చుండిరి. దానివలన వారి గౌరవమునకు వచ్చిన కొదవ యేమి?

119 స్థానములలో 64 కాంగ్రెసునకు రాగా, 39 భారత రాష్ట్ర సమితికి దక్కినవి. ఆ 39 చోట్ల గెలిపించినవారును క్రొత్త ప్రభుత్వమునకు ప్రజలే. పక్షపాతము, ద్వేషము లేక అందరికి న్యాయము చేయుదునని ముఖ్యమంత్రి ప్రమాణము చేయునప్పుడు, ఆ మాటను ముందుగా వినదగినవాడు ఓడిన నాయకుడు గాక మరెవ్వడు?

తరువాతి శాసనసభ యెన్నికలు 2028లో రావలసియున్నవి. ఆ పిమ్మట జరుగు సభలో, గెలుపెవరిదైనను, మొదటి వరుసలో నొక పీఠము దిగిపోవు ముఖ్యమంత్రి పేర నుంచవలెను. అధికారులచేత ముద్రితాహ్వానము పంపుట చాలదు. గెలిచినవారు స్వయముగా వెళ్లి పిలువవలెను.